బొట్టు కింద ఎర్ర దీపం

మా కొట్లో సాయంత్రం దీపం వెలగగానే అందరం దానికి దణ్ణం పెట్టేవాళ్లం. విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్టు పక్క సందులో కిరాణా కొట్టు మాది. డెబ్భైల్లో ఆ సందులో కరెంటు ఉండడం ఎంత మామూలో, పోవడమూ అంతే మామూలు. స్విచ్చి నొక్కితే బల్బు వెలిగినా, కరెంటు పోయి లాంతరు వెలిగించినా, మా నాన్న తక్కెడ వదిలేసి చేతులు కళ్లకద్దుకునేవాడు. తూకంలో ఉన్న కందిపప్పు ఎటూ తేలకుండా ఊగుతూ ఉండేది. కొనడానికి వచ్చినవాళ్లు కూడా సంచీ చంకలో ఇరికించుకుని రెండు చేతులూ కలిపేవాళ్లు. దీపం వెలిగిందంటే లక్ష్మి గుమ్మం దాటి లోపలికి వచ్చినట్టు. ఆ వేళ ఉప్పూ, సూదీ అమ్మరు. ఎవరైనా అడిగితే, ఎదురుగా బస్తా కనబడుతున్నా సరే, "అయిపోయింది, పొద్దున్న రండి" అంటారు. దీపం ఆరిపోయినా ఆరింది అనకూడదు. కొండెక్కింది అనాలి.

ఇంతకీ చెప్పేదేమిటంటే, వెలిగిన దీపాన్ని చూసి భయపడవలసిన అవసరం ఒకటి ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎనభైల్లో మా బావ డీజిలు పికప్ వ్యాను కొన్నాకే తెలిసింది.

బావ అంటే మా అక్క భర్త. వాళ్లది సబ్బవరం. అక్కడ వాళ్లకున్న చిన్న కొట్టు బావ వాళ్లన్నయ్య చేతికి వెళ్లిపోయింది. ఒక్క తక్కెడ దగ్గర ఇద్దరన్నదమ్ములు ఎలా బతుకుతారు? "పండగ దాకా మా దగ్గరుండండి అల్లుడు గారూ, తరవాత ఏదో ఒకటి సూద్దాం," అన్నాడు మా నాన్న. పండగలు వస్తున్నాయి, పోతున్నాయి. బావ మా కొట్లో బెల్లం దిమ్మల పక్కన కూర్చునే ఉన్నాడు.

మా నాన్న అతన్ని పల్లెత్తు మాట అన్న పాపాన పోలేదు. మజ్జిగ గ్లాసు ముందు అతనికే వెళ్లేది. కానీ కొట్లో ధర చెప్పే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మినప్పప్పు ఎంత అని ఎవరైనా అడిగితే బావ మా నాన్న వైపు తల తిప్పి చూడాలి. మా నాన్న చెప్పాలి. అదే మాట బావ తిరిగి చెప్పాలి. నాకూ అదే పద్ధతి, కానీ నేను కొడుకుని. నాకది తండ్రి చాదస్తం. అతనికి అది ఇంకేదో. అదేమిటో మా అక్క చెప్పేదాకా నాకు తోచలేదు.

"కూరలో ఉప్పు సరిపోయిందా అనడిగినా తల తిప్పి సూత్తన్నార్రా," అంది ఓసారి. "పక్కన నాన్నున్నారేమోనని."

అందుకే వ్యాను. అది నడిస్తే బావ బతుకు బావ చేతిలో ఉంటుంది. అది మూలబడితే మళ్లీ బెల్లం దిమ్మల పక్కకి రావాలి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అననక్కర్లేకుండా అందరికీ తెలుసు.

బేరానికి నన్ను తీసుకెళ్లాడు. నా గురించి ఒక్క ముక్క చెప్పుకోవాలి. నేను పుట్టిన రోజున మా నాయనమ్మ మంత్రసానితో గుమ్మంలోనే బేరం పెట్టిందనీ, అది తెగేదాకా నేను బయటికి రాలేదనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. డాక్టరు వారానికి మందులు రాస్తే నాలుగు రోజులకి తగ్గదా అని అడిగినవాణ్ణి నేను. బట్టల కొట్టుకి వెళ్తే నా భార్య నా పక్కన నిలబడదు. ఎదురు కొట్టు అరుగు మీద కూర్చుని, నేనెవరో తెలియనట్టు గాజులు చూసుకుంటుంది.

వ్యాను గాజువాకలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర ఉంది. దారిలో బావకి చెప్పాను, "బండి నచ్చినట్టు మొహం పెట్టకు."

"నాకున్న మొహం ఇదొక్కటే కద బావా," అన్నాడు. మా వైపు బావా బావమరిదీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

కాంట్రాక్టరు నడివయసు మనిషి, చొక్కా మీద సిమెంటు మరకలు. మమ్మల్ని ఎక్కించుకుని తాళం సగం తిప్పాడు. స్టీరింగు వెనకాల నల్లటి పలక మీద చిన్న చిన్న దీపాలు వరసగా వెలిగాయి. కొన్ని ఎరుపు, కొన్ని పసుపు. ఒక్కో దాంట్లో ఒక్కో బొమ్మ. ఇంజను అంటుకోగానే అన్నీ మాయమయ్యాయి.

నాకు కావలసిన కొస దొరికింది. "దీపాలన్నీ పోయాయేటండీ?" అన్నాను.

"పోవాలండీ. బండి బాగుంటే అవి ఎలగవు."

"అంటే ఎలగని దీపాలకి కూడా కలిపే సెప్పారా ధర?"

ఆయన నన్ను చూశాడు, తర్వాత బావను చూశాడు. "ఈయనెవరండీ?"

"మా బావండీ. మంచోడే," అన్నాడు బావ.

బేరం పొద్దుగూకేదాకా సాగింది. ఎలాగో తెగాక నేను కొసరు అడిగాను. ఏది కొన్నా చివర్న గుప్పెడు పైన వేయించుకోకపోతే నాకు కొన్నట్టే ఉండదు.

"కొసరా? ఇదేటి, వంకాయల బేరమేటండీ?"

"వంకాయలకే ఉంటే బండికుండదా?"

ఆయన నవ్వాడు. "సరే, రెండిట్లో ఒకటి కోరుకోండి. ఎనకాతల టార్పాలిను ఉంది, అది పట్టుకెళ్లండి. నేదంటే కాసేపు కూకుని ఈ దీపాల సంగతి సెప్తాను. కొత్త రకం బండి. మన షెడ్డుల్లో చాలామందికి తెల్దు."

నేను "టార్పాలిను" అన్నాను. అదే క్షణాన బావ "దీపాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పిన మాట గాలిలో పోతుంది, టార్పాలిను వానలో పనికొస్తుంది. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, పోనీ రెండూ పట్టుకెళ్లండి అన్నాడు. మర్నాడు ఇంటి దగ్గర టార్పాలిను విప్పితే చిల్లుల్లోంచి ఆకాశం కనబడింది.

ఆ సాయంత్రం మసక చీకట్లో నేను దాన్ని మడత పెడుతుంటే వాళ్ల మాటలు చెవిన పడ్డాయి. మెలికలు తిరిగిన తీగ బొమ్మ పసుపు దీపం. అది వెళ్లిపోయేదాకా ఇంజను తిప్పకూడదు, లోపల వేడెక్కాలి. విశాఖపట్నంలో లోపలా బయటా ఎప్పుడూ వేడే కదా అన్నాను నేను. ఇద్దరూ పట్టించుకోలేదు. బ్యాటరీ బొమ్మ ఎరుపు. బండి నడుస్తుండగా అది వెలిగితే బ్యాటరీకి కరెంటు అందడం లేదన్నమాట. ముందు బెల్టు చూసుకోవాలి. బెల్టు ఉంటే మెల్లిగా ఇంటిదాకా పోవచ్చు. దాని పక్కనే కొమ్ము చెంబు బొమ్మ, అదీ ఎరుపే. కొమ్ములోంచి ఒక చుక్క జారుతూ ఉంటుంది.

"ఇది ఎలిగితే ఇంకేం ఆలోసించకండి," అన్నాడు కాంట్రాక్టరు. "ఎక్కడుంటే అక్కడ ఇంజను కట్టేయండి. ఆయిలు అందకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని బిగిసిపోద్ది. ఇంక ఆ ఇంజను ఇంజను కాదు."

బావ ఇంటికొచ్చేదాకా పెదాలు కదుపుతూ దాన్ని వల్లె వేసుకున్నాడు. నేను మాత్రం కొట్టు భాషలోకి మార్చుకున్నాను. బ్యాటరీ దీపం అరుగు మీద నిలబడి సణిగే గిరాకీ లాంటిది. కాసేపు కూర్చోబెట్టవచ్చు, బెల్లం ముక్క చేతిలో పెట్టి మాట మార్చవచ్చు. కొమ్ము చెంబు అలాంటిది కాదు. ఒక్క కేక వేస్తుంది. పలక్కపోతే వెళ్లిపోతుంది, మళ్లీ ఈ సందులోకి రాదు.

అవి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. కూర్మన్నపాలెం వైపు ఎటు చూసినా రేకుల షెడ్లు, క్రేన్లు, సైకిళ్ల మీద టిఫిను క్యారేజీలు. అక్కడ పనివాళ్లకి వండిపెట్టే ఒక కేంటీను వాడితో బావ మాట్లాడుకున్నాడు. సబ్బవరం చుట్టుపక్కల పొలాల్లో చీకటి ఉండగానే కూరగాయలు ఎత్తి, అనకాపల్లి మీదుగా హైవే ఎక్కి, వంటవాళ్లు కత్తిపీటల ముందు కూర్చునే వేళకి దింపాలి. కేంటీను ఆయన ఒక్కటే చెప్పాడు. "దీపావళి దాకా సూత్తాను. ఆలీసం నేకుండా తెత్తే నీకే. నేదంటే ఇంకోడున్నాడు."

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజున మా కొట్లో తక్కెడకీ, తూకపు రాళ్లకీ, శేరుకీ, సోలకీ మా అమ్మ పసుపు కుంకాలు పెడుతుంది. ఇనుము మీద పొడి కుంకం నిలవదని నూనెలో చిక్కగా కలిపి పెడుతుంది. ఆ బొట్టు ఎవరూ తుడవకూడదు. చేతులు తగిలి తగిలి అదే పోవాలి. ఆ ఏడు వ్యానుకి కూడా పూజ చేసింది. ముందు అద్దానికి పెట్టింది, స్టీరింగుకి పెట్టింది, తర్వాత లోపలికి వంగి చూసి, "ఈ గళ్లేటి బాబూ?" అని బావని అడిగింది.

"దీపాలండీ అత్తయ్యా."

దీపాలని చెప్పాక మా అమ్మ ఊరుకుంటుందా? చిన్నవీ పెద్దవీ అని చూడకుండా ఒక్కో దీపానికీ ఒక్కో బొట్టు, బొటనవేలంత, నూనె కుంకంతో పెట్టింది. సాయంత్రానికి నూనె కిందికి జారి, బ్యాటరీ మీది బొట్టూ కొమ్ము చెంబు మీది బొట్టూ ఒకటైపోయాయి. బావ అది చూశాడు. అత్తగారు పెట్టిన పూజ బొట్టుని అల్లుడు గుడ్డ పెట్టి తుడుస్తాడా? తక్కెడ మీది బొట్టైతే వారంలో చేతులకి అంటుకుని పోతుంది. ఆ పలక మీద చెయ్యి వేసే పని ఎవరికీ లేదు. బొట్టు అలాగే ఎండి, గట్టిపడి కూర్చుంది.

దసరాకీ దీపావళికీ మధ్య ఒకరోజు మా నాన్న, "అల్లుడు గారి యాపారం ఓసారి సూసొత్తాను," అన్నాడు. కొట్టు తెరవకుండా ఆయన ఊరు దాటడం నేను ఎరగను. మడత నలగని పంచె కట్టుకుని, కండువా భుజాన వేసుకుని, కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను మధ్యలో. బావ తాళం సగం తిప్పగానే బొట్ల వెనకాల మసగ్గా వెలుగులు వచ్చాయి. మా నాన్న చేతులు కళ్లకద్దుకున్నాడు. ఇంజను అంటుకుంది, వెలుగులు పోయాయి.

"అదేటి, కొండెక్కించేసారేటి?"

"అవే పోతాయి మావయ్యా. పోవడవే మంచిది."

మా నాన్నకి ఆ మాట నచ్చలేదు. ఉదయాన్నే దీపం పోవడం మంచిదని ఎవరైనా అంటారా? అల్లుడు గనక ఊరుకున్నాడు.

సబ్బవరంలో సరుకు ఎత్తాం. వంకాయలు, బెండకాయలు, దొండకాయలు, పైన ఆనపకాయలు. రైతులతో ధరలు బావే మాట్లాడాడు. మా నాన్న రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. నేనైతే ఆనపకాయల దగ్గర ఇంకా లాగేవాణ్ణి, కానీ బావ నా కాలు తొక్కాడు. హైవే మీద అగనంపూడి దాటేసరికి తూర్పున తెల్లబడుతోంది. వేళకి ముందే ఉన్నాం. మా నాన్న కండువాతో గాలి విసురుకుంటూ, "బాగానే ఉంది," అన్నాడు. అంత మెచ్చుకోలు మా ఇంట్లో ఎవరికీ దక్కలేదు.

అప్పుడే మళ్లీ చేతులు జోడించాడు.

"ఎవులికి నాన్నా దణ్ణం?" అన్నాను.

"దీపం ఎలిగింది కదరా."

బావ కిందికి చూశాడు. కలిసిపోయిన రెండు బొట్ల వెనకాల ఎర్రటి మరకలాంటి వెలుగు. ఏ దీపానిదో తెలియదు. బ్యాటరీ కావచ్చు, కొమ్ము చెంబు కావచ్చు. ఒకటైతే కేంటీను దాకా హాయిగా పోవచ్చు. రెండోదైతే ఇంకో అడుగు పోకూడదు. బావ కాలు యాక్సిలరేటరు మీంచి లేచింది.

"ఆపకు బావా," అన్నాను. "అది బ్యాటరీయే. అదిగో షెడ్లు కనబడతన్నాయి."

నాకెలా తెలుసంటారా? ఎప్పుడూ రెండు ధరలు వినబడితే నాకు తక్కువదే సరైనదిగా తోస్తుంది.

"ఎందుకాపడం అల్లుడు గారూ," అన్నాడు మా నాన్న. "పొద్దున్నే, బొట్టు కింద దీపం ఎలిగింది. శుభం. పోనీండి."

"కొమ్ము చెంబైతే ఇంజను పోతాది మావయ్యా."

"ఆపితే కేంటీను పోతాది కదా."

ఆ మాట నిజమే. ముగ్గురికీ తెలుసు. బావ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. నేను అతని మెడ వైపు చూస్తున్నాను. అలవాటైన వైపుకి, మా నాన్న వైపుకి, ఆ తల ఇప్పుడు తిరుగుతుందని ఎదురుచూశాను. తిరగలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి బండిని పక్కకి తీశాడు, ఇంజను కట్టేశాడు.

"బండి నాది మావయ్యా," అన్నాడు మెల్లిగా. క్షమించమన్నట్టు ఉంది ఆ గొంతు.

వెనకాల ఆనపకాయ ఒకటి దొర్లిన చప్పుడు వినిపించింది. మా నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. నాకు తెలిసి ఆయన మాట మీదుగా ఇంకొకరి మాట నెగ్గడం అదే మొదలు. అది కూడా సొంత అల్లుడిది, కదలని బండిలో.

"మళ్లీ తాళం తిప్పి సూడు, ఏ దీపమో తెలుత్తాది," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"తిప్పితే అన్నీ ఎలుగుతాయి బావా. ఇప్పుడు దీపాల్ని అడిగి లాభం నేదు," అని దిగి బానెట్టు ఎత్తాడు. బెల్టు చక్కగా ఉంది. ఆయిలు చూసే పుల్ల లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. కొసన కూడా తడి లేదు. కిందికి దూరాడు. ఆయిలు పైపు బిగింపు ఒకటి వదులై ఉంది. మేము వచ్చిన దారి పొడుగునా తారు మీద సన్నటి నల్ల గీత.

నేను ఆ గీత చూస్తూ నిలబడ్డాను. షెడ్లు కనబడుతున్నాయని ఎంత ధీమాగా చెప్పాను.

బావ కింద పడుకుని స్పానరుతో బిగిస్తున్నాడు. ఈలోగా షిఫ్టుకి వెళ్లే పనివాళ్లు మా పక్కనుంచి గుంపులుగా నడుస్తున్నారు. ఒకతను ఆగి, "వంకాయలెలగండీ?" అన్నాడు. మా నాన్నకి జనం కనబడితే చేతులు ఊరుకోవు. ఆ చేతులు అప్పటికే వెనక తలుపు దించి, ఒక మూట విప్పి, వంకాయల్ని వాటాలు పోస్తున్నాయి. తక్కెడ లేకపోతేనేం? నాలుగు వాటాలు పోస్తే నాలుగూ ఒక్క తూకం ఉండేలా పోయగలడు. ఇంకో ఇద్దరు ఆగారు. ఆయన మొహంలోకి పొద్దుటి నుంచీ లేని కళ వచ్చింది.

బండి కిందనుంచి గొంతు వచ్చింది. "మావయ్యా, మూట కట్టేయండి."

"కేంటీనోడిచ్చే దానికి ఇక్కడ రెట్టింపు వత్తాదండీ అల్లుడు గారూ. ఎలాగూ ఆలీసమైపోయింది."

"ఆయనకని ఎత్తిన సరుకు మావయ్యా. ఆలీసమైనా ఆయనకే."

"తీసుకోనంటే?"

"అనకముందే మనవే అమ్మేసుకుంటే ఎలగ?"

బావ బయటికి వచ్చాడు. మోచేతుల దాకా నలుపు. "ఆయిలు తెత్తాను. ఏటీ అమ్మకండి," అన్నాడు. ఈసారి గొంతులో క్షమాపణ లేదు. కూర్మన్నపాలెం వైపు పోయే లారీని ఆపి ఎక్కి వెళ్లిపోయాడు.

మా నాన్న మూట వైపు చూశాడు, లారీ వైపు చూశాడు. పోసిన వాటాలు ఒక్కొక్కటీ ఎత్తి మూటలో వేసి కట్టాడు. దాని మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక లేచి ముందు సీట్లోకి ఎక్కి, కండువా కొసని బండిలో ఉన్న కొబ్బరినూనె సీసాలో ముంచి, ఆ పలక మీది బొట్లని రుద్దడం మొదలుపెట్టాడు.

"మీ అమ్మకి సెప్పకు," అన్నాడు.

తర్వాత మళ్లీ వచ్చి మూట మీద కూర్చున్నాడు. జనం ఆగుతూనే ఉన్నారు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక గిరాకీని పొమ్మనడం ఆయనకి ఎంత కష్టమో, పక్కన నిలబడ్డ నాకు ఆయన వేళ్లు చూస్తే తెలుస్తోంది. నాకూ చేతులు దురదపెడుతున్నాయి. అలా ఉండగా తట్ట చంకన పెట్టుకుని ఒకావిడ వచ్చింది, ఎక్కడో కాంక్రీటు పనికి పోతున్నట్టుంది.

"ముసలాయనా, బెండకాయలెలగ?"

"అమ్మకానికి కాదమ్మా."

"మరెందుకెట్టుకుని కూకున్నావు?"

"బండాగిపోయింది."

"ఆగిపోతే అమ్మేసుకో. ఎండొత్తే ఎవులు కొంతారు?"

మా నాన్న ఆవిడ వైపు ఎంత అభిమానంగా చూశాడో చెప్పలేను. తన కడుపులో మాట ఎవరో పరాయి మనిషి రోడ్డు మీద నిలబడి చెబుతోంది.

"నాను అమ్మకూడదమ్మా. ఓనరు నేరు."

"ఓనరెవులు?"

"మా అల్లుడు గారు. ఆయిలుకెళ్లారు. ఆయనొత్తే ఆయన్నడుగు."

"మరి నువ్వేటి?"

మా నాన్న కొంచెం ఆలోచించాడు. "నాను కాపలా," అన్నాడు.

ఆవిడ నవ్వుకుంటూ వెళ్లింది. ఆ మాటతో ఆయన మొహం తేలికపడింది. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. చివరికి వచ్చేసరికి ఆ మాట చెప్పడంలో కొద్దిగా సరదా కూడా పడ్డాడు. "కాపలావోణ్ణి బాబూ, ధరలు నాకు తెల్దు." నవ్వు కనబడకుండా నేను అటు తిరిగి నిలబడవలసి వచ్చింది.

బావ ఆయిలు డబ్బా భుజాన పెట్టుకుని వచ్చాడు. పోశాడు, పుల్ల చూశాడు, కింద మళ్లీ చూశాడు. ఇంజను అంటుకుంది. ఏ దీపమూ మిగల్లేదు. కేంటీను దగ్గరికి చేరేసరికి వంటవాళ్లు కత్తిపీటల ముందు ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నారు. కేంటీను ఆయన తెల్ల పంచెలో ఉన్న మా నాన్నని చూసి యజమాని అనుకుని నేరుగా ఆయన మీదికే వచ్చాడు. "ఏటండీ ఇది? జనానికి ఏటి పెట్టమంటారు?"

మా నాన్న పక్కకి జరిగాడు. జరిగితే వెనకాల బావ ఉన్నాడు.

"దీపం ఎలిగిందండీ, ఆపాను," అన్నాడు బావ. "ఆపకపోతే రేపట్నించి తేలేను."

కేంటీను ఆయన సరుకు దింపించుకున్నాడు, గొణుగుతూనే. ఆనపకాయలు గట్టిగా ఉన్నాయో లేదో గోటితో నొక్కి చూశాడు. దీపావళి లోపల ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోనన్నాడు. జరగలేదు. దీపావళి వెళ్లాక కూడా ఆ కేంటీనుకి కూరగాయలు బావే వేశాడు. ఫ్యాక్టరీ లేచి, ఆ షెడ్లు పీకేసేదాకా వేశాడు.

ఆవాళ తిరుగు దారిలో మా నాన్న నన్ను కిటికీ పక్కకి తోసి తను మధ్యలో కూర్చున్నాడు. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతోంది. ఆయన ముందుకు వంగి, నూనె రాసి తుడిచిన పలక మీద వేలు పెట్టి ఒక్కో బొమ్మా చూపించి అడగడం మొదలుపెట్టాడు.

"ఈ మెలికల తీగేటి?"

"అది పోయేదాకా ఇంజను తిప్పకూడదు మావయ్యా."

"ఇది?"

"బ్యాటరీ."

"ఇది ఎలిగితే పోవచ్చునా?"

"బెల్టు బాగుంటే, మెల్లిగా ఇంటిదాకా పోవచ్చు."

"కొమ్ము చెంబు తెలుసు," అన్నాడు మా నాన్న, ఆ దీపాన్ని వేలితో దాటేస్తూ. వేలు చివరి దాని మీదికి వెళ్లింది. "మరి ఇది? గరాటులా ఉంది."

"అది నాకూ తెల్దు. అమ్మినాయనా సెప్పలేకపోయాడు. ఇప్పటిదాకా ఎలగలేదు."

"ఎలిగితే ఏటి సేత్తారు?"

"ఆపేత్తాను మావయ్యా."

మా నాన్న వెనక్కి జారి కూర్చున్నాడు.

"ఎలిగితే ఆపండి," అన్నాడు.